గాలిలో చిగిర్చే గడ్డ

రాయలసీమలోను, తెలంగాణములోను కొన్ని ఊళ్లలో ఇంటి గుమ్మమునకు పైన ఒక బూడిదరంగు గడ్డ త్రాటికి వ్రేలాడుచు కనిపిస్తుంది. దానికి పసుపు పూసి కుంకుమబొట్లు పెడతారు. దానిని ఆకాశగరుడ గడ్డ అంటారు. నాగదొండ అని కూడ పేరున్నది. అది ఇంటికి దిష్టి తగులనీయదని, పాములను దరికి రానీయదని కట్టుకొన్నవారి నమ్మకము.

ఆ గడ్డ క్రింద మన్ను లేదు. దానిపై ఎవరును నీరు చల్లరు. అయినను కొన్నాళ్లకు దాని కొన నుండి ఒక లేత తీగ బయలుదేరుతుంది, ఆకులు వేస్తుంది, పట్టుకొనుటకు ఆధారము వెదకుచు నులితీగలు చాస్తుంది. ఇంటికి వచ్చినవారు ఆశ్చర్యపడి, "ఇది ఏమి తిని బ్రతుకుచున్నది?" అని అడుగుతారు. "గాలి తిని బ్రతుకుతుంది, అందుకే దానికి ఆ పేరు" అని ఇంటివారు జవాబు చెబుతారు.

ప్రశ్న మంచిదే. జవాబు సరియైనదా, కాదా? దీనిని తేల్చుటకు వాదములతో పని లేదు. ఒక త్రాసు చాలును. ఇదే ప్రశ్నకు, ఈ గడ్డకు దూరపు చుట్టమైన మరియొక గడ్డ విషయమున, అమెరికాలో 1902వ సంవత్సరము మొదలుకొని ఎనిమిది వేసవులపాటు సాగిన ఒక పరిశీలనము సమాధానము చెప్పినది. దాని చరిత్ర తెలిసికొనుటకు ముందు, మొక్కలను తూచు అలవాటు శాస్త్రములోనికి ఎట్లు వచ్చినదో చూడవలెను.

త్రాసు పలికిన మాట

చెట్టు తన శరీరమును దేనితో కట్టుకొనుచున్నది? మట్టిని తిని అని పూర్వము చాలమంది తలచినారు. పదునేడవ శతాబ్దిలో వాన్ హెల్మాంట్ అను ఫ్లాండర్స్ దేశపు వైద్యుడు ఈ మాటను తూచి చూడదలచినాడు. 200 పౌనుల ఎండుమట్టిని ఒక తొట్టిలో పోసి, 5 పౌనుల బరువుగల విల్లో మొక్కను నాటి, అయిదేండ్లు నీరు మాత్రము పోసినాడు. ఆ తరువాత తూచగా చెట్టు బరువు 169 పౌనులకు పైగా ఉన్నది. మట్టి మాత్రము రెండు ఔన్సులే తగ్గినది. కాబట్టి చెట్టు అంతయు నీటి నుండియే పుట్టినదని ఆయన తీర్మానించినాడు. ఈ ప్రయోగము ఆయన మరణానంతరము 1648లో అచ్చయినది.

తూకము సరియైనదే, తీర్మానములో సగము తప్పున్నది. ఆయన గాలిని లెక్కలోనికి తీసికొనలేదు. ఆకుపచ్చని భాగములు వెలుతురులో పనిచేయు తీరును 1779లో ఇంగెన్‌హౌజ్ చూపినాడు. గాలిలోని బొగ్గుపులుసు వాయువు, వేళ్లు పీల్చిన నీరు, ఈ రెండును కలిసియే మొక్క బరువు పెరుగుచున్నదని 1804లో డి సొస్సూర్ తూకములతో రుజువు చేసినాడు.

మొక్క బరువు ఎట్లు పెరుగుచున్నదో వీరు తూచినారు. మొక్క ఏమి పోగొట్టుకొనుచున్నదో తూచినవాడు స్టీఫెన్ హేల్స్ అను ఆంగ్లేయ మతాచార్యుడు. 1724లో ఆయన మూడున్నర అడుగుల ఎత్తుగల ఒక ప్రొద్దుతిరుగుడు మొక్కను కుండలో పెంచి, మట్టి నుండి నీరు ఆవిరి కాకుండ కుండమూతిని సీసపు రేకుతో కప్పి, రోజూ ఉదయ సాయంత్రములు తూచినాడు. పగటి 12 గంటలలో ఆ మొక్క సగటున 20 ఔన్సుల నీటిని, అనగా సుమారు 567 గ్రాములను, ఆకుల ద్వారా గాలిలోనికి విడిచినది. ఈ వివరములు 1727లో ఆయన గ్రంథములో వెలువడినవి. ఈ 567 గ్రాముల లెక్కను విద్యార్థులు గుర్తుంచుకొనవలెను. దానితో ముందు పని ఉన్నది.

సొనోరా ఎడారిలో

మెక్సికో దేశపు వాయవ్య భాగమున సొనోరా రాష్ట్రమున్నది. కాలిఫోర్నియా సింధుశాఖ ఒడ్డున గ్వైమస్ అను ఓడరేవు దాని ముఖ్యపట్టణములలో ఒకటి. అమెరికాకు చెందిన ఎడ్వర్డ్ పామర్ అను వృక్షసంగ్రాహకుడు 1887లో ఈ రేవు చుట్టుప్రక్కల తిరిగి అనేకమైన మొక్కలను సేకరించినాడు. వానిలో ఒక వింతతీగ ఉన్నది. పొదల నీడలో, సగము నేలపైన, రాతిగుండు వలె బూడిదరంగున పడియుండే పెద్ద గడ్డ దాని మొదలు. హార్వర్డు విశ్వవిద్యాలయములోని సెరెనో వాట్సన్ 1889లో దానిని శాస్త్రీయముగా వర్ణించినారు. 1895లో గ్రీన్ అను శాస్త్రజ్ఞుడు దానిని ఇబర్విలియా అను ప్రజాతిలో చేర్చగా, ఇబర్విలియా సొనోరే అను పేరు వచ్చినది. ఆ దేశపు ప్రజలు దానిని గ్వారెకె అంటారు.

ఇది దోస, పొట్ల, దొండ, గుమ్మడి తీగల కుటుంబమునకు చెందినది. దాని మొదలు వంటి గడ్డను వృక్షశాస్త్రజ్ఞులు కాడెక్స్ అంటారు. వేరును కాండమును కలిసేచోట, అనేక సంవత్సరముల పాటు లావెక్కి, నీటిని ఆహారమును నిలువచేసికొనే మొక్కమొదలే కాడెక్స్. బంగాళాదుంప వలె అది ఏటేట పోయి క్రొత్తది పుట్టునది కాదు. తీగ ఏటేట ఎండిపోతుంది, గడ్డ నిలిచియుంటుంది.

సొనోరా ఎడారిలో వేసవిలో కొద్దివారముల పాటు వానలు పడతాయి. ఆ కాలమున గడ్డ నుండి సన్నని తీగలు బయలుదేరి ముండ్లపొదల మీదికి ప్రాకుతాయి. మగపువ్వులు ఒక మొక్కకు, ఆడపువ్వులు వేరొక మొక్కకు పూస్తాయి. ఎర్రని గుండ్రని పండ్లు కాస్తాయి. వానకాలము వెనుకబడగానే తీగ వాడి రాలిపోతుంది. మరల వేసవి వరకు అక్కడ ఒక మొక్క ఉన్నదని ఎవరికిని తెలియదు. ఒక రాయి ఉన్నట్లే తోస్తుంది.

ఎనిమిది వేసవులు

1902లో ఇట్టి గ్వారెకె గడ్డ ఒకటి న్యూయార్క్ వృక్షోద్యానమును చేరినది. అప్పుడు ఆ ఉద్యానములోని ప్రయోగశాలలకు డేనియల్ ట్రెంబ్లీ మెక్‌డూగల్ అధిపతిగా ఉండినారు. గడ్డను నాటలేదు. ప్రదర్శనశాలలో పొడిగా ఉంచినారు. మన్ను లేదు, నీరు లేదు.

వేసవి రాగానే గడ్డ చిగిర్చినది. తీగలు కొంతకాలముండి వాడిపోయినవి. మరుసటి వేసవి మరల చిగిర్చినది. ఆ తరువాతి వేసవియు అంతే. ఈ విధముగా ఒకటి కాదు, రెండు కాదు, వరుసగా ఎనిమిది వేసవులలో ఆ గడ్డ చిగుళ్లు వేసినది. పుట్టినచోట వానలు పడే కాలము వచ్చినదని దానికెవరును చెప్పలేదు. చుక్క నీరు తగులకున్నను అది ఋతువు తప్పలేదు. అనగా దానిని మేలుకొలుపుటకు వాన పడి తీరవలెనన్న నియమము లేదన్నమాట.

చూచినవారికి ఇది గాలి తిని బ్రతుకుచున్నట్లే కనిపించును. కాని త్రాసు వేరొక సంగతి చెప్పినది. మొదట ఆ గడ్డ బరువు 7.5 కిలోగ్రాములు. ఎనిమిది వేసవులు గడచునప్పటికి 3.5 కిలోగ్రాములు. నాలుగు కిలోగ్రాములు ఎటు పోయినవి? అధికభాగము నీరుగా ఆవిరియైనది. కొంత, నిలువయున్న పిండిపదార్థము శ్వాసక్రియలో ఖర్చయినది. మెక్‌డూగల్, స్పాల్డింగ్ అను ఇరువురు 1910లో ప్రకటించిన గ్రంథములో ఈ లెక్క ఉన్నది.

"కూర్చుని తింటే కొండలైనా కరుగుతాయి" అని తెలుగువారి సామెత. న్యూయార్క్ గడ్డ చేసినది సరిగా ఇదే. అది గాలిని తినలేదు. తన కొండను తాను తిన్నది. ప్రతి చిగురును పాత నిలువ నుండి తీసిన ఖర్చే గాని, క్రొత్త సంపాదన కాదు.

కాని ఆ ఖర్చు ఎంత పొదుపుగా జరిగినదో లెక్కించి చూచినగాని ఈ మొక్క గొప్పతనము తెలియదు. ఎనిమిది వేసవులకు నాలుగు కిలోగ్రాములు; ఏటికి అరకిలోగ్రాము; రోజుకు ఒకటిన్నర గ్రాము కూడ లేదు. హేల్స్ తూచిన ప్రొద్దుతిరుగుడు ఒక్క పగటిలో 567 గ్రాముల నీటిని విడిచినది. అనగా ఆ మొక్క ఒక్క దినమున వ్యయపరచిన దానికంటె తక్కువతో గ్వారెకె గడ్డ ఒక సంవత్సరము గడిపినది.

పొదుపు రహస్యము

ఇంతటి పొదుపు ఎట్లు సాధ్యమైనది? మూడు కారణములు ముఖ్యమైనవి.

మొదటిది ఆకారము. ఒక గోళము వ్యాసార్ధమును రెట్టింపు చేసినచో దాని ఉపరితలము నాలుగు రెట్లగును. ఘనపరిమాణము ఎనిమిది రెట్లగును. నీరు ఉండునది ఘనపరిమాణములో; పోవునది ఉపరితలము గుండా. కావున గుండ్రనిదై, పెద్దదైనకొలది గడ్డ తన నిలువలో పోగొట్టుకొనే పాలు తగ్గుతుంది. చిన్న ఉల్లిపాయ త్వరగా వడలుట, పెద్ద గుమ్మడికాయ ఇంటి దూలమునకు నెలల తరబడి నిలువయుండుట అందరును చూచినదే. గడ్డ ముసలిదైనకొలది కరవునకు తట్టుకొనే శక్తి పెరుగుటకు ఇది ఒక కారణము.

రెండవది తొడుగు. గడ్డ లోపల పలుచని గోడలుగల కణములు నీటితో నిండియుంటాయి. వెలుపల బెండు వంటి బెరడు పొర కప్పియుంటుంది. ఆ పొరలోని కణముల గోడలకు సుబెరిన్ అను మైనము వంటి పదార్థము పట్టియుండుటచే నీరు సులభముగా బయటికి పోజాలదు.

మూడవది వైరాగ్యము. మొక్కలో నీరు ఎక్కువగా పోవునది ఆకులలోని పత్రరంధ్రముల గుండా. ఎడారిలో బ్రతికే మొక్కలు కొన్ని ఆకులను ముండ్లుగా మార్చుకొన్నవి. కాడెక్స్ తీగ ఆ దారి పట్టలేదు. నీరున్న కొద్దివారములు అది మామూలు తీగ వలెనే పలుచని ఆకులు వేసి, వేగముగా పెరిగి, గడ్డను నింపుకొంటుంది. కాలము గడవగానే తీగనంతటిని వదలివేస్తుంది. మిగిలిన నెలలలో దానికి నీరు పోగొట్టే ఆకు ఒకటియైనను ఉండదు.

దీనికి తోడు దోస కుటుంబములో చాల మొక్కలకు కుకుర్బిటాసిన్లు అను చేదు పదార్థములున్నవి. ఎడారిలో నీటితో నిండిన గడ్డ దప్పిగొన్న జంతువునకు కుండలోని నీరు వంటిది. ఆ కుండకు చేదు ఒక విధమైన కాపలా.

టుమమాక్ కొండ

మెక్‌డూగల్ దృష్టి అప్పటికే ఎడారి మొక్కలవైపు మరలినది. 1902లో ఆండ్రూ కార్నెగీ వాషింగ్టనులో ఒక పరిశోధనసంస్థను స్థాపించినాడు. ఆ సంస్థ పక్షమున 1903లో మెక్‌డూగల్, కోవిల్ అను ఇరువురు శాస్త్రజ్ఞులు ఎడారులలో సంచరించి, అరిజోనాలోని టూసన్ పట్టణము ప్రక్కన నల్లరాతి టుమమాక్ కొండను ఎన్నుకొన్నారు. ఆ ఏడే అక్కడ ఎడారి వృక్ష ప్రయోగశాల వెలసినది. కొండ చుట్టునుగల సుమారు 860 ఎకరముల నేలకు 1907 నాటికి కంచె వేసి పశువులను రాకుండ చేసినారు. 1940 వరకు కార్నెగీ సంస్థయు, 1960 నుండి అరిజోనా విశ్వవిద్యాలయమును ఆ ప్రయోగశాలను నడిపినవి. ఒకే నేలలోని మొక్కలను నూరేండ్లకు పైగా లెక్కించుచు వచ్చిన చోట్లు ప్రపంచములో కొద్దియే. టుమమాక్ వానిలో ఒకటి.

ఈ కొండ సమీపమున 1908లో మెక్‌డూగల్‌కు మరియొక తీగ దొరికినది. అదియు దోస కుటుంబమునకు చెందినదే. అదియు నేలలో దుంపలు దాచుకొన్నదే. 1912లో రోజ్ అను శాస్త్రజ్ఞుడు దానిని వర్ణించి, కొండ పేరును కనుగొన్నవాని పేరును కలిపి టుమమోకా మెక్‌డూగలీ అను పేరు పెట్టినారు.

ఈ తీగ జీవితమును గమనించినవారికి ఎడారిలో ఒక్క మొక్క ఎందరితో ముడిపడియున్నదో తెలిసినది. దాని చిన్న ఎర్రపండ్లను పక్షులు తింటాయి. తిన్న పక్షి పొదలోని కొమ్మపై వ్రాలుతుంది. విత్తనము ఆ పొద నీడలో పడుతుంది. ఎండదెబ్బ తగులని ఆ చోటనే మొలక బ్రతుకుతుంది. ఆ పొద కొమ్మలనే పట్టుకొని పైకి ప్రాకుతుంది. పక్షికి పండు, పొదకు అతిథి, తీగకు నీడ. ఇక నేల క్రింద దాచిన దుంపలను జావలీనా అను, పందిని పోలిన జంతువు త్రవ్వి తింటుంది. చేదు కాపలా అన్ని నోళ్లను ఆపజాలదు.

టూసన్ వైపు పెద్ద కాలువ నిర్మాణము, పట్టణ విస్తరణము జరుగుచుండగా ఈ తీగ అంతరించునేమో అను భయము కలిగినది. 1986లో అమెరికా ప్రభుత్వము దానిని అంతరింపనున్న జాతుల పట్టికలో చేర్చినది. ఆ తరువాత అరిజోనాలోను సొనోరాలోను పొదపొద వెదకినారు. అనుకొన్నదానికంటె చాల ఎక్కువ చోట్ల అది కనబడినది. 1993లో దాని పేరును పట్టిక నుండి తీసివేసినారు. వానలు లేని నెలలలో ఆకు కూడ కనిపించని మొక్కను "లేదు" అనుట ఎంత సులభమో, "ఉన్నది" అని తేల్చుట ఎంత కష్టమో ఈ వృత్తాంతము తెలుపుచున్నది.

గ్వారెకెకు మాత్రము కాలువ కంటె మనిషి చేతిలోని గునపమువలననే ఎక్కువ ముప్పు. మధుమేహమునకు మందని మెక్సికో బజారులలో దాని గడ్డలను అమ్ముతారు. వాటిని తోటలో పండించుట అరుదు; అడవి నుండి త్రవ్వి తెచ్చుటయే అలవాటు.

మన నాగదొండ

ఇక గుమ్మమునకు వ్రేలాడే గడ్డ వద్దకు తిరిగి రావచ్చును. ఆకాశగరుడయు దోస కుటుంబములోని తీగయే. దాని శాస్త్రనామము కోరల్లోకార్పస్ ఎపిజియస్. 1776లో తరంగంబాడిలోని డేనిష్ మిషనుకు వచ్చి, దక్షిణదేశపు మొక్కలను ఎన్నింటినో సేకరించిన రాట్లర్ అను మతాచార్యుడు దానిని 1803లో మొదట వర్ణించినారు. 1879లో ఛార్లెస్ బేరన్ క్లార్క్ దానిని ఇప్పటి ప్రజాతిలో చేర్చినారు. ఆ ప్రజాతి పేరునకు "పగడపు కాయ" అని అర్థము. పేరు తగినదే. పండు చిన్నది, కొనయందు ముక్కు ఉంటుంది, నడుమ పగడము వలె ఎరుపు, అడుగున ఆకుపచ్చ. పండినపుడు అడుగుభాగము చుట్టును చీలి, పైభాగము మూత వలె ఊడిపోగా విత్తనములు బయటపడతాయి. మగపువ్వులు, ఆడపువ్వులు ఒకే తీగపై విడివిడిగా పూస్తాయి. అనగా ఇది గ్వారెకె వలె రెండు మొక్కలుగా విడిపోయినది కాదు.

ఇది మెట్టభూములలోని కంచెలపైన, ముండ్లపొదలపైన ప్రాకుతుంది. వానలు పడగానే గడ్డ నుండి తీగ లేస్తుంది. చలికాలము ముదిరి నేల ఆరిన పిమ్మట తీగ ఎండిపోతుంది. సొనోరాకు రాయలసీమకు మధ్య మహాసముద్రములున్నను, ఒకే విధమైన కష్టమునకు రెండు మొక్కలును ఒకే ఉపాయము పన్నినవి.

గుమ్మములో అది చిగిర్చునప్పుడు జరిగేదేమో ఇప్పుడు సులభముగా చెప్పవచ్చును. గడ్డకు వేళ్లు అందే నేల లేదు. కావున నీటి రాబడి లేదు. ఆకులు వెలుతురులో కొంత ఆహారము తయారు చేయగలవు. కాని అవి ఉన్నంతకాలము నీటిని కూడ విడుచుచుండును. చిగురించిన ప్రతిసారియు గడ్డ తేలికగుచున్నది. వాన్ హెల్మాంట్ గాలిని మరచి నీటినే నమ్మినాడు. గుమ్మమునకు గడ్డను కట్టినవారు నీటిని మరచి గాలినే నమ్మినారు. రెండు చోట్లను తప్పు ఒక్కటే: లెక్కలో ఒక పద్దు వ్రాయకపోవుట.

ఒకనాటికి గడ్డ ముడుతలు పడి, పీచువలె ఎండిపోతుంది. ఇంటికి తగిలిన దిష్టిని అది లాగుకొన్నదని అంటారు. నిజమునకు దాని నిలువ నిండుకొన్నది. పాముల విషయమున మాత్రము ఒక హెచ్చరిక అవసరము. గుమ్మములో గడ్డ ఉన్నదను ధైర్యముతో చీకటిలో దీపము లేకుండ తిరుగరాదు. పాము కరచినచో గడ్డను అరగదీసి పూయుచు కాలము గడపరాదు. వెంటనే ఆస్పత్రికి చేర్చవలెను. విషమునకు విరుగుడు అక్కడ ఇచ్చే ప్రతివిషపు సూదిమందే.

నమ్మకము ఇంటివారిది. కాని ఆ గడ్డ ఎక్కడినుండి వచ్చినదో తెలిసికొనుట అందరికిని అవసరము. బజారులో అమ్మే గడ్డ తోటలో పండినది కాదు. కంచె క్రింద, గుట్ట ప్రక్కన, అనేక సంవత్సరములు వానవానకు కొంచెముగా నిండి పెరిగినది. దానిని త్రవ్వినచో పీకినది ఒక దుంపను మాత్రమే కాదు, మొక్కనంతటిని. మరుసటి వానకు అక్కడ తీగ లేవదు. పువ్వుల కొరకు వచ్చే చిన్న పురుగులకు పువ్వులేదు. కంచెమీది పిట్టలకు ఎర్రపండు లేదు. నేలలో పడవలసిన విత్తనము లేదు. ఎనిమిది కరవులకు ఓర్చగల మొక్క గునపపు పోటు ఒక్కదానికి ఓర్వలేదు.

పెంచుట, తూచుట

ఈ తీగ కావలెనన్నవారు గడ్డను త్రవ్వుటకు బదులు విత్తనము నుండి పెంచవచ్చును. పండిన కాయ నుండి విత్తనములు తీసి, గుజ్జు పోవునట్లు కడిగి ఆరబెట్టవలెను. తొలకరిలో ఇసుకయు చిన్న గులకరాళ్లును కలిపిన ఎర్రమట్టిలో పైపైన నాటవలెను. కుండ అడుగున నీరు పోవు రంధ్రము తప్పక ఉండవలెను. నిలిచిన నీరు గడ్డను కుళ్లబెట్టును. ప్రాకుటకు ఒక ఎండుకొమ్మ గ్రుచ్చవలెను. ఆకులున్నంత కాలము మట్టి ఆరినపుడు నీరు పోయవలెను. తీగ పసుపుబారి ఎండుట మొదలుపెట్టగానే నీరు మానివేయవలెను. ఇక్కడనే చాలమంది పొరబడతారు. ఎండిన తీగను చూచి జాలిపడి నీరు పోస్తారు. నిద్రించుచున్న గడ్డ ఆ నీటిని త్రాగలేక కుళ్లుతుంది. కరవునకు చావని మొక్క దయకు చనిపోతుంది. మరల వానకాలము వచ్చువరకు కుండను వాన తగులని నీడలో ఉంచిన చాలును. బడి ఆవరణలో కంచె ఉన్నచో దాని మొదట నాటుట మరింత మంచిది. అప్పుడు పిట్టలకును పురుగులకును అది అందుబాటులో ఉంటుంది.

గ్వారెకె గడ్డపై జరిగిన పరిశీలనమును ఏ ఉన్నత పాఠశాలయైనను చేయవచ్చును. అందుకు అడవిలోని గడ్డతో పనిలేదు. వంటింటిలోని కందగడ్డ, చేమదుంప, ఉల్లిపాయ చాలును. ఒక్కొక్క దానికి సంఖ్య వేసి, తూచి, బరువును పట్టికలో వ్రాసికొనవలెను. కొన్నింటిని త్రాటితో గాలి తగిలే నీడలో వ్రేలాడగట్టవలెను. అదే బరువుగల మరికొన్నింటిని మట్టిలో నాటి నీరు పోయుచుండవలెను. వ్రేలాడేవాటిని వారమునకొకసారి, ఒకే త్రాసుతో, ఒకే వేళకు తూచవలెను. వేసవి ముదిరేటప్పటికి కందగడ్డకు మొలక వచ్చును. మొలక వచ్చినప్పుడు బరువు పెరిగినదా, తగ్గినదా? పెద్ద గడ్డ తన బరువులో నూటికి ఎంత పోగొట్టుకొన్నది, చిన్న గడ్డ ఎంత పోగొట్టుకొన్నది? తడిగుడ్డ దగ్గరగా వ్రేలాడగట్టినచో తరుగుదల వేగము మారుచున్నదా? నాటిన వాటిని వానకాలాంతమున త్రవ్వి తూచి, వ్రేలాడిన వాటితో పోల్చినచో రాబడి ఉన్న సంసారమునకు, నిలువ తిని బ్రతికే సంసారమునకు గల భేదము అంకెలలో కనబడుతుంది.

ఈ ప్రయోగమునకు అయ్యే ఖర్చు ఒక పూట కూరగాయల ఖర్చు. దానిని చేసిన విద్యార్థి సెలవులలో ఇంటికి పోయినపుడు, గుమ్మములో వ్రేలాడే ఆకాశగరుడ గడ్డను చూచి అమ్మమ్మను అడుగకుండ ఉండలేడు: "దీనిని కట్టిననాడు ఎంత బరువున్నది?" తూకము వ్రాసిపెట్టుకొన్న ఇల్లు ఉండకపోవచ్చును. ఆ రాత్రికి త్రాసు తెచ్చి తూచి, గోడమీద తేదీతో సహా మొదటి అంకె వ్రాసినచో, వచ్చే వేసవికి రెండవ అంకె తానై వచ్చును.